లినక్స్ కొత్త వెర్షన్: ఉన్నదాని మీదే అప్‌గ్రేడా, తుడిచేసి ఫ్రెష్ ఇన్‌స్టాలా?

లినక్స్ వాడేవాళ్లకు ఆరు నెలలకో, రెండేళ్లకో ఒకసారి ఈ ప్రశ్న తప్పదు. కొత్త వెర్షన్ వచ్చిందని స్క్రీన్ మీద చిన్న పెట్టె కనబడుతుంది. అందులో అప్‌గ్రేడ్ నొక్కేస్తే సరిపోతుందా, లేక పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని మొదటి నుంచి ఎక్కించుకోవాలా? ఎవరిని అడిగినా గట్టిగానే చెబుతారు. కాకపోతే ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. ఒకరు "ఫార్మాట్ కొట్టు, చెత్తంతా పోతుంది" అంటే, మరొకరు "ఏళ్లుగా ఇదే సిస్టమ్, ఒక్కసారీ ఫార్మాట్ చేయలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ల మెషీన్లు వేరు, అంతే.

నన్నడిగితే సిస్టమ్ శుభ్రంగా ఉందా లేదా అన్నది అంత పెద్ద విషయం కాదు. ఆ మెషీన్‌లో మీరు ఏమేం మార్చారో, ఏ డేటా ఎక్కడ పెట్టారో మీకు తెలుసా అన్నదే అసలు సంగతి. తెలిస్తే రెండు దారులూ సులువే. తెలియకపోతే అప్‌గ్రేడ్ ఎప్పుడో చేసి మరిచిపోయిన మార్పు దగ్గర బోర్లా పడుతుంది, ఫ్రెష్ ఇన్‌స్టాల్ ఆ మార్పును చెప్పాపెట్టకుండా చెరిపేస్తుంది.

## నిర్ణయానికి ముందు చూసుకోవాల్సినవి

ఎన్ని వెర్షన్లు వెనకబడ్డారు? ఒక్క మెట్టు ఎక్కడానికే అప్‌గ్రేడ్ దారిని తయారు చేస్తారు, పరీక్షిస్తారు. ఉబుంటులో ఒక ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్ ఉండే వెర్షన్) నుంచి ఇంకో ఎల్‌టీఎస్‌కి వెళ్లాలంటే మధ్యలో ఒకదాన్ని వదిలి దూకలేరు. 20.04 మీద ఉన్నవాళ్లు నేరుగా 24.04కి దూకలేరు, మధ్యలో 22.04 మీద ఆగాల్సిందే. డెబియన్ కూడా అంతే, 11 నుంచి 13కి రావాలంటే 12 మీదుగా రావాలి. ఫెడోరా కాస్త నయం, మధ్యలో ఒక వెర్షన్‌ను వదిలి దూకనిస్తుంది. కానీ అక్కడ ఒక్కో వెర్షన్‌కు సపోర్ట్ 13 నెలల దాకానే ఉంటుంది కాబట్టి ఏడాదిన్నర పట్టించుకోకపోతే వెనకబడిపోతారు. రెండు అప్‌గ్రేడ్లు వరసగా చేయాల్సి వస్తే రెండింతల సమయం, రెండింతల రిస్క్. ఆ స్థితిలో నేనైతే ఫ్రెష్ ఇన్‌స్టాల్ వైపే మొగ్గుతాను.

సపోర్ట్ ముగిసిపోయిన వెర్షన్ అయితే ఇంకో చిక్కు. ఉబుంటు స్వల్పకాల వెర్షన్లకు సపోర్ట్ 9 నెలలే. ఆ తర్వాత వాటి ప్యాకేజీలను (ప్రోగ్రాములను ఎక్కించే ఫైళ్లను) పాత విడుదలల సర్వర్‌కు తరలిస్తారు. అప్పుడు మీ రిపోజిటరీ (ప్యాకేజీలు దించుకునే సర్వర్) చిరునామాలను మీరే మార్చుకుంటే తప్ప అప్‌గ్రేడ్ మొదలే కాదు.

అప్‌గ్రేడ్ మార్చలేనిది మీకు కావాలా? అప్‌గ్రేడ్ ప్యాకేజీలను మారుస్తుంది గానీ డిస్క్ అమరికను ముట్టుకోదు. ఫెడోరా 33తో 2020 అక్టోబరులో డెస్క్‌టాప్‌లకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) అయింది. 32 నుంచి అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లకు మాత్రం అంతకుముందున్న ఎక్స్‌టీ4 అలాగే ఉండిపోయింది. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలన్నా, పాత బయోస్ పద్ధతి నుంచి యూఈఎఫ్‌ఐ బూట్‌కు మారాలన్నా, 32 బిట్ నుంచి 64 బిట్‌కు రావాలన్నా, డిస్ట్రోనే (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాన్నే) మార్చాలన్నా ఫ్రెష్ ఇన్‌స్టాలే దారి. వీటిలో కొన్నింటిని ఉన్న సిస్టమ్ మీదే చేసే కిటుకులు లేకపోలేదు. కానీ ఆ కిటుకులు తెలిసినవాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు.

సిస్టమ్‌లోకి ఎవరో చొరబడ్డారన్న అనుమానం ఉందా? ఇక రెండో ఆలోచన వద్దు. తుడిచేయడమే. అప్‌గ్రేడ్ చేస్తే వాళ్లు పెట్టిపోయిన దొంగదారి కొత్త వెర్షన్‌లోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

బయటి సరుకు ఎంత ఉంది? డిస్ట్రో సొంత రిపోజిటరీల్లోంచి వచ్చిన ప్యాకేజీలతో సాధారణంగా గొడవ రాదు. పేచీ అంతా బయటి నుంచి తెచ్చుకున్నవాటితోనే: పీపీఏలు (ఉబుంటుకు బయటివాళ్లు నడిపే రిపోజిటరీలు), కంపెనీ సైట్ నుంచి దించుకున్న డెబ్ ఫైళ్లు, ఎన్విడియా సైట్ నుంచి తెచ్చి చేత్తో ఎక్కించిన డ్రైవర్, సోర్స్ నుంచి కంపైల్ చేసి యూఎస్‌ఆర్ లోకల్ ఫోల్డర్‌లో పెట్టినవి. ఉబుంటు అప్‌గ్రేడ్ టూల్ మొదట్లోనే బయటి రిపోజిటరీలను ఆపేస్తుంది. కానీ వాటి నుంచి అప్పటికే వచ్చిన ప్యాకేజీలు లోపలే ఉంటాయి. ఒక లైబ్రరీ పీపీఏ నుంచి వచ్చి, దాని వెర్షన్ నంబరు కొత్త ఉబుంటులో ఉన్నదానికంటే పెద్దదైతే, దాన్ని కదిలించడం అప్‌గ్రేడ్ టూల్‌కు కష్టమవుతుంది. పీపీఏ-పర్జ్ అనే చిన్న టూల్ అలాంటివాటిని ముందే అధికారిక వెర్షన్‌కు దించేస్తుంది.

పొరపాటు జరిగితే వెనక్కి దారి ఉందా? అప్‌గ్రేడ్ సగంలో కరెంటు పోతే ఏమిటి పరిస్థితి? ఓపెన్‌సూసేలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్, స్నాపర్ ఉంటే బూట్ మెనూలోంచే పాత స్నాప్‌షాట్‌కు (అంతకుముందు దాచిన సిస్టమ్ స్థితికి) వెళ్లిపోవచ్చు. మింట్‌లో అదే పనికి టైమ్‌షిఫ్ట్ ఉంది. అయితే టైమ్‌షిఫ్ట్ డిఫాల్ట్‌గా హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది, దాని పని సిస్టమ్‌ను కాపాడటమే. మీ ఫొటోలు, పత్రాలు వేరే డిస్క్‌లో ఉండాలి. అదే డిస్క్‌లో ఉన్న స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకుంటే డిస్క్ పోయిన రోజున రెండూ కలిసే పోతాయి.

## ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్

దీని పెద్ద సుఖం ఏమిటంటే, పని పూర్తయ్యాక కంప్యూటర్ మళ్లీ మీదే. వైఫై పాస్‌వర్డ్లు, ప్రింటర్, ఫాంట్లు, కీబోర్డ్ లేఅవుట్, బ్రౌజర్ ట్యాబ్‌లు అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి.

పద్ధతి డిస్ట్రోను బట్టి మారుతుంది. ఫెడోరా ప్యాకేజీలన్నీ ముందే దించుకుని, ఆ తర్వాత రీబూట్ చేసి, వేరే ఏదీ నడవని స్థితిలో ఎక్కిస్తుంది. ఉబుంటు నడుస్తున్న సిస్టమ్ మీదే మారుస్తుంది కాబట్టి మధ్యలో కొన్ని ప్రోగ్రాములు వింతగా ప్రవర్తించడం మామూలే. డెబియన్‌లో రిపోజిటరీ ఫైల్‌లో వెర్షన్ పేరు మీరే మార్చి, ముందు కొత్త ప్యాకేజీలేవీ తేకుండా ఉన్నవాటిని అప్‌గ్రేడ్ చేసి, తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టాలి. విడుదల నోట్స్‌లో ఇదంతా వివరంగా ఉంటుంది. చదవడానికి అరగంట పడుతుంది గానీ ఆ అరగంట దండగ కాదు. ఉదాహరణకు 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నోట్స్‌లో బూట్ పార్టిషన్ కనీసం 768 ఎంబీ ఉండి, అందులో 300 ఎంబీ దాకా ఖాళీ ఉండాలని రాశారు. ఏనాడో చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకున్నవాళ్లు ఇది చూడకుండా మొదలుపెడితే కొత్త కెర్నల్ దగ్గర చోటు చాలక పని ఆగిపోతుంది.

ఇక అప్‌గ్రేడ్ మధ్యలో వచ్చే ఒక ప్రశ్న గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జనం ఆలోచించకుండా జవాబు నొక్కేది ఇక్కడే. డెబియన్, ఉబుంటుల్లో మీరు ఏదైనా సెట్టింగ్ ఫైల్‌ను మార్చి ఉంటే, అదే ఫైల్‌కు కొత్త వెర్షన్ కూడా వస్తే, సిస్టమ్ ఆగి అడుగుతుంది: ప్యాకేజీతో వచ్చిన కొత్త ఫైల్ పెట్టాలా, మీ పాతదే ఉంచాలా? వై అంటే కొత్తది, ఎన్ అంటే పాతది, డి నొక్కితే రెండింటికీ తేడా చూపిస్తుంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. దూరాన ఉన్న సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పోర్ట్ మార్చి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టే తెరిచారనుకోండి. ఇక్కడ వై కొడితే ఎస్‌ఎస్‌హెచ్ మళ్లీ 22కి పోతుంది, ఫైర్‌వాల్ దాన్ని రానివ్వదు, మీరు బయట నిలబడతారు. అలాగని అన్నిటికీ ఎన్ కొట్టుకుంటూ పోవడం కూడా మంచిది కాదు. పాత ఫైల్‌లో కొత్త ప్రోగ్రాముకు అర్థంకాని వరస ఒక్కటున్నా ఆ సర్వీస్ పైకి లేవదు. కాబట్టి డి నొక్కి చూడండి. తేల్చుకోలేకపోతే పాతదే ఉంచండి. కొత్త ఫైల్ చివర డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పక్కనే ఉంటుంది, తీరిగ్గా పోల్చుకోవచ్చు. ఫెడోరాలో ఆర్‌పీఎమ్‌న్యూ, ఆర్చ్‌లో ప్యాక్‌న్యూ అనే తోకలు చూస్తారు.

అప్‌గ్రేడ్ తర్వాత తరచూ మొరాయించేది పైథాన్. ఉబుంటు 22.04లో 3.10 ఉంటే 24.04లో 3.12. పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకున్న పైథాన్ అమరికలు) పాత వెర్షన్‌ను వెతుక్కుంటాయి, అది దొరకదు. వాటిని రిపేరు చేయబోకండి. ప్యాకేజీల జాబితా ముందే ఫైల్‌లో రాసి పెట్టుకుని, కొత్తగా సృష్టించుకోవడం తేలిక.

మంచి మెషీన్‌కు కూడా తొందర పనికిరాదు. ఉబుంటు ఎల్‌టీఎస్ ఏప్రిల్‌లో విడుదలైనా, పాత ఎల్‌టీఎస్ వాళ్లకు అప్‌గ్రేడ్ పిలుపు మొదటి పాయింట్ రిలీజ్ (సవరణలు కలిపిన విడుదల) తర్వాతే, సాధారణంగా ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. 2024లో ఆ దారి తెరిచిన కొద్దిరోజులకే ఒక బగ్ బయటపడి తాత్కాలికంగా మూసేయాల్సి వచ్చింది. పాత ఎల్‌టీఎస్‌కు మొత్తం ఐదేళ్ల సపోర్ట్ ఉన్నప్పుడు ఇంకో రెండు నెలలు ఆగితే పోయేదేమీ లేదు.

## తుడిచేసి ఫ్రెష్ ఇన్‌స్టాల్

ఇన్‌స్టాల్ చేయడం గంటలోపు పని. దాన్ని మళ్లీ మీ చేతికి అలవాటైన కంప్యూటర్‌గా మార్చుకోవడమే రోజుల తరబడి సాగుతుంది. రెండోవారంలో కూడా ‘అరె, ఆ ప్రోగ్రామ్ ఎక్కించనేలేదే’ అనుకుంటూ ఉంటారు.

లాభం మాత్రం నిజంగా ఉంది. కొత్త వెర్షన్‌ను తయారుచేసినవాళ్లు ఎలా అనుకున్నారో అలాగే మీకు దొరుకుతుంది. ఏ సమస్య వచ్చినా అది కొత్త వెర్షన్‌ది, మీ పాత ప్రయోగాలది కాదు. డిస్క్ అమరిక మార్చుకునే అవకాశం మళ్లీ ఇప్పుడే.

నష్టం ఎక్కడంటే, ‘హోమ్ ఫోల్డర్ కాపీ చేశాను, చాలు’ అనుకోవడంలో. హోమ్ బయట ఉండి చెరిగాకే గుర్తొచ్చేవి ఇవి:

- ఈటీసీ ఫోల్డర్ మొత్తం. డిస్క్ మౌంట్లు, వెబ్ సర్వర్ సెట్టింగ్స్, నెట్‌వర్క్‌మేనేజర్ దాచిన వైఫై పాస్‌వర్డ్లు ఇందులోనే ఉంటాయి.
- క్రాన్ జాబ్‌లు (నిర్ణీత సమయాలకు నడిచే పనులు). ఇవి వార్ ఫోల్డర్ లోపల స్పూల్‌లో ఉంటాయి.
- డాకర్ వాల్యూమ్‌లు, వర్చువల్ మెషీన్ల డిస్క్‌లు. ఇవి ఎక్కువగా వార్ లోపల లిబ్ ఫోల్డర్‌లో ఉంటాయి.
- డేటాబేస్‌లు. పోస్ట్‌గ్రెస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి కొత్త పెద్ద వెర్షన్‌లో పెడితే అది స్టార్ట్ కాదు. డంప్ (డేటా మొత్తం ఎగుమతి చేసిన ఫైల్) తీసుకోవాలి.
- సర్వర్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు. ఇవి మారితే లాగిన్ అయ్యే ప్రతివాళ్లకూ ఎవరో మధ్యలో దూరారేమోనన్న హెచ్చరిక వస్తుంది.

హోమ్ లోపల కూడా చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు మరవకండి. ఎస్‌ఎస్‌హెచ్ కీలు, జీపీజీ కీలు అక్కడే. ఉబుంటులో 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతిలో) వస్తోంది కాబట్టి దాని ప్రొఫైల్ పాత మొజిల్లా ఫోల్డర్‌లో కాకుండా హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత చోటు నుంచి బుక్‌మార్క్‌లు కాపీ చేసుకున్నాననుకుని నిశ్చింతగా ఉంటే అసలుకే మోసం.

పక్కన విండోస్ ఉన్న మెషీన్ అయితే ఇన్‌స్టాలర్‌లో ‘డిస్క్ మొత్తం చెరిపేయి’ అన్నది విండోస్‌ను కూడా కలిపే చెరిపేస్తుంది. పార్టిషన్లను చేత్తో ఎంచుకునే ఆప్షన్‌కే వెళ్లండి.

## మధ్యే మార్గాలు

హోమ్‌ను వేరే పార్టిషన్‌లో పెట్టుకున్నవాళ్లు రూట్‌ను (సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ను) మాత్రమే ఫార్మాట్ చేసి, హోమ్‌ను అలాగే తగిలించుకోవచ్చు. చూడ్డానికి రెండిటి లాభమూ దక్కినట్టే ఉంటుంది, దాదాపుగా నిజమే కూడా. రెండు విషయాలు మాత్రం గమనించాలి.

మొదటిది, లినక్స్ ఫైల్ యజమానిని పేరుతో కాదు, నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. చాలా డిస్ట్రోల్లో మొదటి యూజర్‌కు 1000, రెండో యూజర్‌కు 1001. పాత సిస్టమ్‌లో అక్క అకౌంట్ మొదట, తమ్ముడిది తర్వాత సృష్టించి, కొత్తదాంట్లో వరస తారుమారు చేస్తే అక్క ఫైళ్లకు తమ్ముడు యజమాని అవుతాడు, అక్కకు లాగిన్ కూడా సరిగా కాకపోవచ్చు. పాత నంబర్లు ముందే రాసిపెట్టుకుని అదే వరసలో సృష్టిస్తే గొడవ లేదు.

రెండోది, పాత డెస్క్‌టాప్ సెట్టింగులన్నీ హోమ్‌లోనే ఉంటాయి. మీరు వదిలించుకోవాలనుకున్న సమస్య అక్కడే ఉంటే రూట్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అది పోదు. అందుకే ఫార్మాట్‌కు ముందు ఒక చిన్న పరీక్ష చేయండి: కొత్త యూజర్‌ను సృష్టించి అందులోకి లాగిన్ అవ్వండి. సమస్య కనబడకపోతే తప్పు సిస్టమ్‌లో లేదు, మీ సెట్టింగుల్లో ఉంది. అప్పుడు ఫార్మాటే అక్కర్లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటి తీసేస్తే సరిపోయే చోట సిస్టమ్ మొత్తం తుడిచేసేవాళ్లు తక్కువేం కాదు.

ఇంకో మార్గం కొత్త ఎస్‌ఎస్‌డీ. పాత డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్తదాంట్లో ఫ్రెష్‌గా ఎక్కించి, పాతదాన్ని యూఎస్‌బీ ద్వారా తగిలించి కావాల్సినవి తెచ్చుకోవడం. ఖర్చు ఉంది గానీ టెన్షన్ అన్నిటికంటే దీనిలోనే తక్కువ.

| చూసుకునేది | అప్‌గ్రేడ్ | ఫ్రెష్ ఇన్‌స్టాల్ | హోమ్ ఉంచి రూట్ మార్చడం | కొత్త డిస్క్ |
|---|---|---|---|---|
| సెట్టింగులు మిగలడం | దాదాపు అన్నీ | ఏవీ మిగలవు | సొంతవి ఉంటాయి, సిస్టమ్‌వి పోతాయి | మీరు తెచ్చుకున్నవి |
| పాత సమస్యలు పోవడం | పోవు | పోతాయి | సగం సగం | పోతాయి |
| ఫైల్‌సిస్టమ్, ఎన్‌క్రిప్షన్ మార్పు | కుదరదు | కుదురుతుంది | రూట్‌కు మాత్రమే | కుదురుతుంది |
| సగంలో ఆగితే | రిపేరు కష్టం | మళ్లీ మొదలుపెట్టొచ్చు | మళ్లీ మొదలుపెట్టొచ్చు | పాత డిస్క్ పెట్టేయొచ్చు |
| తర్వాత పని | తక్కువ | చాలా | మధ్యస్థం | చాలా, కానీ తీరిగ్గా |

## ఎవరికి ఏది

బ్రౌజర్, ఆఫీస్ పత్రాలు, సినిమాలు, అంతవరకే వాడేవాళ్లకు అప్‌గ్రేడే. బయటి సరుకు తక్కువ కాబట్టి చిక్కులూ తక్కువ. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్ మీరు చూసిపెడుతుంటే మరీనూ. ఐకాన్లు చోటు మారినా వాళ్లు ఇబ్బంది పడతారు.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల మెషీన్లలో బయటి సరుకు కుప్పలుగా ఉంటుంది. అయితే వాళ్ల కోడ్ ఎలాగూ గిట్‌లో ఉంటుంది, సెట్టింగులను కూడా అక్కడే దాచుకునే అలవాటు ఉంటే ఫ్రెష్ ఇన్‌స్టాల్ వాళ్లకు పెద్ద పని కాదు. ఆ అలవాటు లేకపోతే మాత్రం వారం మధ్యలో ఏదీ మొదలుపెట్టకండి, దారి ఏదైనా సరే.

ఎన్విడియా కార్డుతో ఆటలు ఆడేవాళ్లు, ఏఐ మోడళ్లు నడిపేవాళ్లు డ్రైవర్ సంగతి ముందు తేల్చుకోవాలి. చేత్తో ఎక్కించిన డ్రైవర్‌ను తీసేసి, డిస్ట్రో ఇచ్చే డ్రైవర్‌కు వచ్చి, అప్పుడు అప్‌గ్రేడ్ చేస్తే నల్ల స్క్రీన్ చూసే అవకాశం బాగా తగ్గుతుంది.

ఆర్చ్, టంబుల్‌వీడ్ లాంటి రోలింగ్ డిస్ట్రోల్లో ఈ ప్రశ్నే పుట్టదు, రోజూ అప్‌గ్రేడే. అక్కడ నియమం ఒకటే: మొత్తం సిస్టమ్‌ను కలిపి అప్‌డేట్ చేయాలి, ఒక్క ప్యాకేజీని మాత్రం కొత్తది తెచ్చుకుంటే లైబ్రరీలు పొంతన తప్పుతాయి.

సర్వర్ల విషయంలో నా అభిప్రాయం గట్టిది. వీలైన ప్రతిచోటా పక్కన కొత్త సర్వర్ లేపి, డేటా తరలించి, పనిచేస్తోందని చూసుకున్నాకే దారి మళ్లించండి. 2024 జూన్ 30న సపోర్ట్ ముగిసిన సెంటోస్ 7 లాంటివాటి మీద ఇంకా ఉన్నవాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. లీప్, ఎలివేట్ వంటి అప్‌గ్రేడ్ టూల్స్ ఉన్నా, అంత పాత సిస్టమ్ మీద పేరుకున్నదాన్నంతా కొత్తదాంట్లోకి మోసుకుపోవడం నాకు నచ్చదు. అక్కడే అప్‌గ్రేడ్ చేయక తప్పకపోతే ముందు స్నాప్‌షాట్ తీయండి. ఉబుంటు టూల్ ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి నడిపినప్పుడు కనెక్షన్ తెగినా లోపలికి రావడానికి 1022 పోర్ట్ మీద ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ తెరుస్తుంది. ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్‌కు అనుమతి ఇవ్వడం మీ పని, అది మీకోసం ఇవ్వదు. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంటే పాత వెర్షన్ క్లస్టర్ (దాని డేటా ఉన్న చోటు), కొత్త వెర్షన్ క్లస్టర్ పక్కపక్కనే ఉంటాయి. డేటాను కొత్తదాంట్లోకి మార్చకముందే ఆటోరిమూవ్ (అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే కమాండ్) కొట్టకండి.

## ఇంకా తేలకపోతే

ఫ్రెష్ ఇన్‌స్టాల్ చేయబోతున్నట్టే తయారై, అప్‌గ్రేడ్ చేయండి. అంటే పైన చెప్పినవన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం, ఎక్కించిన ప్యాకేజీల జాబితా తీసుకోవడం, కొత్త వెర్షన్‌తో పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోవడం. ఆ పెన్‌డ్రైవ్‌తో ఒకసారి లైవ్‌గా బూట్ చేసి వైఫై, సౌండ్, స్లీప్ పనిచేస్తున్నాయా చూడండి. అందులోనే వైఫై రాకపోతే కొత్త కెర్నల్‌కు మీ హార్డ్‌వేర్‌తో పేచీ ఉన్నట్టు, ఏ దారిలో వెళ్లినా ఆ పేచీ ఎదురయ్యేదే. అన్నీ బాగుంటే ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి.

మధ్యలో ఆగిపోతే డెబియన్, ఉబుంటుల్లో ముందుగా చేయాల్సినవి రెండే: సగంలో ఉన్న ప్యాకేజీలను డీపీకేజీ అనే ప్యాకేజీ టూల్‌తో కాన్ఫిగర్ చేయించడం, తర్వాత ఆప్ట్ అనే టూల్‌లోని ఫిక్స్-బ్రోకెన్. చాలాసార్లు వీటితోనే సిస్టమ్ కోలుకుంటుంది. అప్పటికీ బూట్ కాకపోతే, ఒక సాయంత్రం కంటే ఎక్కువ దాని మీద పెట్టకండి. పెన్‌డ్రైవ్ పక్కనే ఉంది, డేటా బయటి డిస్క్‌లో ఉంది, ఇన్‌స్టాల్ చేసేయండి.